కళ్ళు మూసుకుని వేసే అట్టు

"పెసరట్టా? అదెంత పని! కళ్ళు మూసుకుని వేసేస్తాను" అంటూ ఉంటారు మన ఆడవాళ్ళు. ఒక పని బాగా చేతనయిందని చెప్పుకోడానికి మన భాషలో ఇంతకంటే గట్టి మాట లేదు. ఆ మాట అన్నావిణ్ణి ఎవరూ నిలదీయరు. "ఏదీ, మూసుకుని వెయ్యి చూద్దాం" అనరు. అదే మాట నిజంగా చూపులేని మనిషి అంటే మాత్రం ఇంటిల్లిపాదీ గాభరాపడిపోయి స్టవ్వు కట్టేస్తారు.

ఇది నా స్వానుభవం. రేచీకటితో మొదలై, నలభయ్యో ఏడు నిండేసరికి నా చూపు పూర్తిగా పోయింది. అది జరిగి ఇరవై రెండేళ్ళయింది. ఇవాళ పొద్దున్న ఇంట్లో ఆరుగురికి అట్లు వేసి, పెనం దించి, చేతులు కడుక్కుని ఈ వ్యాసానికి కూచున్నాను. ఫోను చదివి వినిపిస్తుంటే పుస్తకాలు వినడం ఈ మధ్య అలవాటయింది. అలా విన్నవాటిలో నాకు బాగా పట్టుకున్న విషయం ఒకటుంది. చూపులేని వాళ్ళకి చదువు చెప్పాలని లోకానికి ఎప్పుడో తోచింది. సంగీతం నేర్పాలని తోచింది. బుట్టలల్లడం నేర్పాలని తోచింది. పొయ్యి దగ్గరికి రానివ్వాలని మాత్రం చాలా ఆలస్యంగా తోచింది. ఆ కథే చెప్పబోతున్నాను. దానికి ముందు అట్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి.

అట్టు మన సొంతమే అనుకుంటాం గానీ, పిండి కలిపి వేడి పెనం మీద పోసి, రెండో పక్క తిరగేసి తినే అలవాటు చాలా దేశాల్లో ఉంది. మన దగ్గర దీని వంశం పాతది. ఋగ్వేదంలో అపూపం ఉంది. యవల పిండికి నెయ్యి తగిలించి చేసేవారు. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో 'ధోసక' అనే పేరు కనబడుతుంది. ఏనుగుల్ని పట్టడం దగ్గర్నించి వంట దాకా రాజుకి తెలియాల్సిన సంగతులన్నీ చెప్పిన పుస్తకం అది. అంత పెద్ద రాజుగారికి కూడా అట్టు గుర్తుండడం నాకు సంతోషం.

తెలుగువాళ్ళం ఇంకో అడుగు వేసి, అట్టు పేరు మీద పండగే పెట్టుకున్నాం. ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. తెల్లవారకముందే తిని, ఉయ్యాలలూగి, చంద్రుణ్ణి చూసేదాకా ఉపవాసముండి, ముత్తయిదువులకి అట్లు వాయనమిస్తాం. అట్టు పెట్టినమ్మకి అట్టున్నర పెట్టాలన్న సామెత కూడా మనదే.

ఫ్రాన్సులో ఫిబ్రవరి 2న కొవ్వొత్తుల పండగనాడు అట్లు వేసుకుంటారు. ఒక చేత్తో నాణెం పట్టుకుని, రెండో చేత్తో పెనం ఎగరేసి అట్టు తిరగేస్తే ఆ ఏడాది డబ్బుకి లోటుండదని వాళ్ళ నమ్మకం. ఇంగ్లండులో ఓల్నీ అనే ఊళ్ళో ఆడవాళ్ళు పెనం పట్టుకుని, అట్టు ఎగరేసుకుంటూ చర్చి దాకా పరుగు పందెం పెట్టుకుంటారు. ఇది 1445లో మొదలయిందని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఎవరో ఒక ఇల్లాలు అట్లు వేస్తూ వేస్తూ చర్చి గంట వినబడేసరికి, పెనం దించడం కూడా మరచి దానితోనే పరిగెత్తిందట. 1950 నుంచీ అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లిబరల్ అనే ఊరు వీళ్ళతో పోటీ పడుతోంది.

చూశారూ, ఏ దేశంలోనైనా మెప్పంతా అట్టుని తిరగెయ్యడానికే. పిండి కలిపినందుకు ఎవరూ పందేలు పెట్టరు. ఎందుకంటే కిటుకంతా అక్కడే ఉంది.

అట్టుకి రెండు ముఖాలు. పై ముఖం అందరికీ కనబడుతుంది. కాలేది కింది ముఖం. అది పెనానికి కరుచుకుని ఉంటుంది. ఎంత చురుకైన కళ్ళున్నవాళ్ళయినా ఆ ముఖాన్ని తిరగేశాకే చూస్తారు. తిరగెయ్యాలా, ఇంకాసేపు ఉంచాలా అన్న నిర్ణయం మాత్రం అంతకు ముందే జరిగిపోవాలి. అంటే ఆ ఒక్క క్షణం లోకంలో అట్లు వేసే వాళ్ళందరూ నాలాంటి వాళ్ళే! పల్చటి దోసెకి ఎరుపు పైకి తేలుతుంది కదా, అంచు రంగు మారుతుంది కదా అంటారు. నిజమే. అవి కంటికి అందే ఆనవాళ్ళు. చెవికీ, ముక్కుకీ, చేతికీ అందే ఆనవాళ్ళు వాటికంటే తక్కువేం కాదు.

ముందుగా పెనం సంగతి. వేడెక్కిందో లేదో తెలియడానికి నీళ్ళు చిలకరిస్తాం. ఇది మన అమ్మమ్మల పరీక్ష. 1756లో జర్మనీలో లైడెన్‌ఫ్రాస్ట్ అనే వైద్యుడు దీన్ని శాస్త్రంగా రాసిపెట్టాడు. ఎర్రగా కాలిన ఇనప గరిటెలో నీటిబొట్టు వేస్తే అది వెంటనే ఇగిరిపోకుండా గుండ్రంగా దొర్లుతూ ఉండడం ఆయన గమనించాడు. బొట్టు కింద ఆవిరి పరుపులా ఏర్పడి దాన్ని మోస్తుందన్నమాట. కాబట్టి చిలకరించిన నీళ్ళు 'చుయ్'మని వెంటనే ఆరిపోతే పెనం అట్టుకి సిద్ధం. ఆ చప్పుడు రాకుండా బొట్లు టపటపా దొర్లుతుంటే పెనం మరీ కాలిపోయింది, సెగ తగ్గించాలి. అసలు చప్పుడే లేక నీళ్ళు అలా పడుంటే ఇంకా కాలలేదు. ఈ మూడూ చెవికి తెలిసే సంగతులు. కళ్ళతో పనేముంది?

ఇక పిండి పొయ్యగానే పుట్టే చప్పుడు. అది పిండిలోని నీరు ఆవిరయ్యే చప్పుడు. నీరున్నంతసేపూ అట్టు అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది. పిండి ఎర్రబడాలంటే 140 డిగ్రీల దాకా పోవాలి. ఆ ఎర్రదనానికీ కమ్మటి వాసనకీ కారణమైన రసాయన చర్యని 1912లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించాడు. ఆయన పేరే దానికి పెట్టారు. కాబట్టి వరస ఇది: మొదట జోరుగా చప్పుడు, తరవాత చప్పుడు సన్నగిల్లడం, వెంటనే కమ్మటి వాసన. ఆ వాసన రాగానే అట్లకాడ అంచు కింద పెట్టి చుట్టూ తిప్పుతాను. ఎక్కడా పట్టుకోకుండా జారిందంటే అట్టు పెనాన్ని వదిలేసిందన్నమాట. ఎడమచేతిలో చిన్న చెక్కగరిటె పైన ఆనించి, కుడిచేతి అట్లకాడతో తిరగేస్తాను. గాలిలోకి ఎగరెయ్యను. ఓల్నీ పందేనికి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

చేతికి ఈ చూపెక్కణ్ణించి వస్తుందని అడుగుతారు. మన భారతంలోనే ఉంది సమాధానం. ఆదిపర్వంలో, చీకట్లో అర్జునుడికి అన్నం పెట్టొద్దని ద్రోణుడు వంటవాడికి రహస్యంగా చెబుతాడు. ఒకనాటి రాత్రి అర్జునుడు భోంచేస్తుండగా గాలికి దీపం ఆరిపోతుంది. అయినా చెయ్యి తిన్నగా కంచంలోంచి నోటికి పోతూనే ఉంటుంది. అలవాటయిన చేతికి దీపంతో పనిలేదని గ్రహించి అర్జునుడు చీకట్లో బాణాలు వెయ్యడం సాధన చేస్తాడు. ద్రోణుడు దాచదలుచుకున్న విద్య అన్నం ముద్దలో బయటపడింది! గొప్ప విలుకాడికి గురువు చెప్పని పాఠం కంచం చెప్పిందంటే, పెనం మనకి చెప్పదా?

ఐరోపాలో ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నవాడు దీదెరో. ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడుగా పేరుపొందిన ఈయన 1749లో గుడ్డివాళ్ళ గురించి, చూపున్నవాళ్ళ కోసం ఒక లేఖ అచ్చువేశాడు. అందులో ప్యుయిజో అనే ఊళ్ళో ఉండే ఒక అంధుడి ముచ్చట చెబుతాడు. దీదెరో వెళ్ళేసరికి సాయంత్రం అయిదు. ఆ పెద్దమనిషి నిద్రలేచి గంటైనా కాలేదు, కొడుకు చేత ఉబ్బెత్తు అక్షరాలు చదివిస్తున్నాడు. రాత్రిపూట ఎవరి అడ్డూ ఉండదని ఆయన పనులన్నీ రాత్రే చేసుకుంటాడు. పగలు ఇంట్లోవాళ్ళు అడ్డదిడ్డంగా పారేసిన సామానంతా ఎక్కడిదక్కడ సర్దేస్తాడు. తెల్లారి భార్య లేచేసరికి ఇల్లు అద్దంలా ఉంటుంది. ఇలాంటి మొగుడు చూపున్నవాళ్ళలో ఎంతమందికి దొరుకుతాడో చదివే ఇల్లాళ్ళే చెప్పాలి!

ఆయన మంట ఎంత దూరంలో ఉందో సెగని బట్టి చెబుతాడట. గిన్నె ఎంత నిండిందో పోస్తున్నప్పటి చప్పుణ్ణి బట్టి చెబుతాడట. పైగా ఆయన వృత్తేమిటనుకున్నారు? ఇంట్లో మద్యాలు వడగట్టి, ఏడాదికోసారి పారిస్ తీసుకెళ్ళి అమ్ముకోవడం. అంటే నిప్పూ, ద్రవాలూ, కొలతలూ. వంటకి కావలసిన విద్యలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. కళ్ళు కావాలా అని అడిగితే, వాటికి బదులు చేతులు ఇంకాస్త పొడుగైతే మేలన్నాడు. ఈ పుస్తకం రాసిన ఏడాదే దీదెరోని జైల్లో పెట్టారు. మతాన్ని ప్రశ్నించే ఆలోచనలు అందులో ఉండడం ఒక కారణం. మూడు నెలల పైచిలుకు విన్సెన్ కోటలో ఉన్నాడు. గిన్నె చప్పుడు గురించి రాసినా జైలుకి పోవాల్సిన రోజులు అవి!

దీదెరో చూసిన మనిషి తన ఇంట్లో తాను స్వతంత్రుడు. ఆ తరవాత వచ్చిన బళ్ళు ఆ ఇంటిని మరిచిపోయాయి. 1771లో పారిస్ సంతలో కొందరు అంధుల చేత అట్టముక్కల కళ్ళద్దాలు పెట్టించి, వాద్యాలు వాయింపించి, జనం నవ్వడం చూసి వలంతైన్ ఆయ్వీ అనే ఆయన మనసు కలతపడింది. 1785లో ఆయన అంధబాలలకి బడి పెట్టాడు. ఆ బడికే 1819లో పదేళ్ళ లూయీ బ్రెయిల్ వచ్చి చేరాడు. మూడేళ్ళప్పుడు తండ్రి తోలుపనుల కొట్లో ఆరెతో ఆడుకుంటూ కన్ను పొడుచుకుని, రెండో కన్నూ పోగొట్టుకున్న పిల్లవాడు. పదిహేనేళ్ళకే ఆరు చుక్కల లిపి కట్టాడు, 1829లో అచ్చు వేయించాడు. కన్ను పోగొట్టిన ఆరెలాంటి మొనతోనే అక్షరం పొడవడం నేర్పాడు. ఈయనకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

కానీ ఆ బళ్ళలో నేర్పినవేమిటి? చదువు, సంగీతం, వడకడం, అల్లడం, చెప్పులు కుట్టడం. భోజనం వేళకి గంట కొడతారు, వచ్చి తినాలి. అది ఎలా ఉడికిందో, ఎవరు వండారో తెలియనక్కర్లేదు. అమెరికాలో 1832లో బోస్టన్‌లో తలుపు తీసిన పెర్కిన్స్ బడి 1870లో ఆడపిల్లల్ని కుటీరాలుగా విడదీసింది. చిన్న చిన్న కాపరాల్లా ఉండి ఇంటి పనుల్లో పాలు పంచుకోవాలని ఉద్దేశం. ఇల్లు అనే మాట బడిలోకి అప్పుడు ప్రవేశించింది.

మన దేశంలో మొదటి అంధుల బడి 1887లో అమృత్‌సర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ పెట్టింది. 1903లో అది దెహ్రాదూన్ దగ్గర రాజ్‌పూర్‌కి మారింది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1915లో లండన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ వెలిసింది. పెట్టిన ఆర్థర్ పియర్సన్ పెద్ద పత్రికాధిపతి, నీటికాసులతో చూపు పోగొట్టుకున్నవాడు. జాలి అనేది తన గడప తొక్కకూడదని ఆయన పట్టుదల. టైపు కొట్టడం, మర్దన, వడ్రంగం, కోళ్ళ పెంపకం నేర్పారు. కోడిని పెంచడం నేర్పారు గానీ గుడ్డట్టు వెయ్యడం మొగాడి పని కాదనుకునే కాలం. రెండో యుద్ధంలో మన సిపాయీల కోసం 1943లో దెహ్రాదూన్‌లో అదే పేరుతో వసతిగృహం పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో అక్కడ వయోజన అంధుల శిక్షణ కేంద్రం మొదలైంది. 1951లో మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ స్థిరపడింది. మన తెలుగు అక్షరాలకీ అందులో చుక్కలున్నాయి.

అక్షరం వచ్చింది, మగ్గం వచ్చింది, ఉద్యోగం వచ్చింది. వంటింటి గడప దగ్గర మాత్రం కథ ఆగిపోతూ వచ్చింది. దీనికి కారణం నిప్పంటే భయం ఒక్కటే అనుకుంటే పొరపాటు. నిప్పుకి అందరూ భయపడాలి. జాగ్రత్తలూ అందరికీ ఉన్నాయి. నేను పమిట బిగించి దోపుకుంటాను. పెనం పిడి ఎప్పుడూ గోడవైపే తిప్పి ఉంచుతాను. నూనె చెంచాతో కొలిచి వేస్తాను గానీ సీసాతో ఒంపను. అసలు కారణం ప్రేమ. "నువ్వు కూచో వదినా, మేం లేమూ?" అనే ప్రేమ. దాన్ని కాదనడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకి తెలుస్తుంది. కసిరితే ఎదురు చెప్పొచ్చు, బతిమాలితే ఏం చేస్తాం?

ఇందులో ఒక విడ్డూరం ఉంది. మన ఇళ్ళలో చూపులేని వంటవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. శుక్లాలు ముదిరి, మనిషి నీడ తప్ప మొహం ఆనని అమ్మమ్మలూ నాయనమ్మలూ కట్టెపొయ్యి ముందు కూచుని ఇంటెడు మందికీ వండి వార్చలేదూ? ఆ పొగలో కళ్ళున్నవాళ్ళకే కనపడేది కాదు. అన్నం ఉడికిందీ లేందీ ఎసరు చప్పుడుతో, పోపు వేగిందీ లేందీ ఆవాల చిటపటతో, పప్పు అడుగంటిందీ లేందీ వాసనతో చెప్పేవారు. వాళ్ళని అంధులని ఎవరూ అనలేదు. "పెద్దావిడ కదా, చూపు కాస్త మందగించింది" అన్నారు. వాళ్ళకి శిక్షణ ఇచ్చిన సంస్థ లేదు, వాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. మన ప్రభుత్వం అంధత్వ నివారణకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది 1976లో. అందులో పెద్ద పీట శుక్లాలకే. అంటే అంతకు ముందు ఎన్ని వంటిళ్ళు చూపు లేకుండా నడిచాయో ఊహించుకోండి.

తేడా ఎక్కడుందంటే, ఆ పెద్దావిడ పొయ్యి దగ్గరే ఉండగా చూపు మెల్లిగా తగ్గింది. ఎవరూ ఆవిణ్ణి లేవదియ్యలేదు. నాలాంటి వాళ్ళని చూపు పోగానే లేవదీస్తారు. ఒకసారి లేచాక మళ్ళీ కూచోడమే కష్టం.

నా మట్టుకు నాకు ఆ పీట తిరిగి దక్కింది అట్లతద్ది పుణ్యాన. మా ఆడపడుచు కూతురి ఉద్యాపన. పదకొండు మంది ముత్తయిదువులకి పదకొండేసి అట్లు, వెరసి 121. తెల్లవారుజామునే పని మొదలైంది. పెనం దగ్గర మా తోటికోడలు. కరెంటు పోయింది. "అక్కా, ఏమీ కనపట్టం లేదు, మాడిపోతోందేమో" అని ఆవిడ కంగారు. అట్లకాడ ఇలా ఇమ్మన్నాను. కొవ్వొత్తి వెతికి తెచ్చేసరికి పళ్ళెంలో మూడు అట్లున్నాయి. మా అత్తగారు ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "దాన్ని అక్కడే ఉండనివ్వండి" అన్నారు. అంతే. ఆ మాటకి ఇంట్లో అప్పీలు లేదు. ఇప్పటికీ అట్లతద్దినాడు చంద్రుడొచ్చాడని నాకు చెప్పేది కోడలు, అట్టు కాలిందని కోడలికి చెప్పేది నేను.

అక్కడితో తగువు తీరలేదు. మాడిన అట్టు సంగతి ఉంది కదా! మొదటి అట్టు ముద్దయిపోతుందని రష్యాలో సామెత. మన ఇళ్ళలోనూ మొదటిది పెనానికే అర్పణ అనుకుంటాం. కళ్ళున్నావిడ వేసిన అట్టు మాడితే పెనం మంచిది కాదంటారు, పిండి పులవలేదంటారు, లేకపోతే ఫోనులో మాట్లాడుతూ మరిచిపోయిందంటారు. నేను వేసింది మాడితే మాత్రం ఒకటే కారణం: "పాపం, కళ్ళు లేవు కదా." పెనం మీద నేరం ఎప్పుడూ పడదు! ఒక మనిషికి పని నేర్పాలంటే ముందు ఇవ్వాల్సింది ఆ మొదటి అట్టు పాడుచేసుకునే హక్కు. చూపులేని వాళ్ళకి అందరికంటే ఆలస్యంగా దొరికేది అదే.

ఈ హక్కుని పద్ధతి ప్రకారం ఇవ్వాలని గట్టిగా పూనుకున్నవాళ్ళలో ఒకరు అమెరికాలో ఫాదర్ థామస్ కారల్. యుద్ధంలో చూపు పోయిన సైనికులతో పనిచేసి, 1954లో మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో పునరావాస కేంద్రం పెట్టాడు. 1961లో రాసిన పుస్తకంలో, చూపుతో పాటు మనిషి పోగొట్టుకునేవి 20 అని లెక్క కట్టాడు. అందులో రోజువారీ పనుల నేర్పు ఒకటి. తినడం, బట్ట కట్టుకోవడం, ఇల్లు చక్కబెట్టుకోవడం. ఇవి చిన్న సంగతులుగా కనిపిస్తాయి గానీ, రోజుకి ఎన్నోసార్లు ఎదురయ్యే చిన్న సంగతి పెద్ద సంగతే అవుతుంది.

1985లో లూసియానా రాష్ట్రంలో రస్టన్ అనే ఊళ్ళో అంధులే నడిపే ఒక కేంద్రం మొదలైంది. అక్కడ కాస్త చూపు మిగిలినవాళ్ళకి కూడా కళ్ళకి గంతలు కట్టి నేర్పుతారు. మిగిలిన ఆ కాస్త చూపు మీద ఆధారపడితే చెవీ చెయ్యీ బద్ధకిస్తాయని వాళ్ళ వాదం. చదువు పూర్తయ్యేముందు పెట్టే పరీక్షల్లో ఒకటి, 40 మందికి ఒంటిచేత్తో వంట చేసి వడ్డించడం. డిగ్రీ పరీక్షలకి ఇలాంటి పేపరొకటి పెడితే మన కుర్రాళ్ళలో ఎంతమంది గట్టెక్కుతారో!

ఈ కథలో లోకమంతా చూసిన ఘట్టం 2012లో వచ్చింది. క్రిస్టీన్ హా అమెరికాలో పుట్టిన వియత్నాం సంతతి అమ్మాయి. పద్నాలుగో ఏట తల్లి పోయింది. వంటల కొలతలేవీ ఆవిడ రాసిపెట్టి పోలేదు. కాలేజీ రోజుల్లో తల్లి వంటల రుచి గుర్తు తెచ్చుకుంటూ ఈ పిల్ల వంట నేర్చుకుంది. తరవాత నరాల జబ్బుతో చూపు పోయింది. రొట్టెముక్కల మధ్య వేరుశనగ ముద్దా జామూ పెట్టుకోబోతే అదంతా చేతులమీదా బల్లమీదా కారిపోయి, కూచుని ఏడ్చిందట. అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టి, అమెరికా టెలివిజన్‌లో మాస్టర్‌షెఫ్ పోటీ మూడో విడతకి వెళ్ళి గెలిచింది. ఆ పోటీకి వచ్చిన మొదటి అంధురాలు ఆవిడే.

ఆ పోటీలో ఒక రోజు ఆపిల్ పళ్ళ పై చెయ్యమన్నారు. తనది పాడైపోయిందని క్రిస్టీన్ కంటతడి పెట్టుకుంది. నోరు మంచిది కాదని పేరుపడ్డ గార్డన్ రామ్సే దగ్గరికొచ్చి, అది ఎలా ఉందనుకుంటున్నావని అడిగాడు. బాగాలేదనుకుంటున్నానంది. ఆయన దాని రంగూ అంచులూ మాటలతో వర్ణించి, కత్తి అంచుతో పైపెచ్చుని గీరి ఆ కరకర చప్పుడు వినిపించాడు. అది వినేసరికి ఆవిడకి నమ్మకం కుదిరింది. ఆ కత్తి చప్పుడు నాకు చాలా నచ్చింది. నీకు కనబడదు కదా అని ఊరుకోకుండా, నీకు తెలిసే భాషలో చెబుతానన్న మర్యాద అది. క్రిస్టీన్ తరవాత వంటల పుస్తకం రాసింది, 2019లో హ్యూస్టన్‌లో సొంత హోటలూ పెట్టింది.

మన హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలాంటి చోట్ల చూపు తిరిగి రానివాళ్ళకి రోజువారీ పనులు నేర్పే పునరావాస విభాగాలున్నాయి. చూపు పోయినవాళ్ళకి వైద్యం అయిపోయాక కూడా చెయ్యగలిగింది చాలా ఉందన్న సంగతి మన ఊళ్ళలో ఇంకా బాగా తెలియాలి.

ఇప్పటి కష్టం వేరు. పాత గ్యాస్ స్టవ్వు మీట తిప్పితే టక్కుమనేది, ఎంత తిప్పామో వేళ్ళకి తెలిసేది. ఇప్పుడొచ్చే కరెంటు పొయ్యిల మీద మీటలే లేవు. అద్దంలా నున్నగా ఉంటుంది. ఎక్కడ తాకితే సెగ పెరుగుతుందో, ఎక్కడ తాకితే ఆగిపోతుందో కళ్ళున్నవాళ్ళకే తెలియాలి. మా కోడలు ముచ్చటపడి ఒకటి కొంది. దాని మీద నేను నా బొట్టుబిళ్ళలు అంటించాను. పెంచడానికి ఒకటి, తగ్గించడానికి రెండు, ఆపడానికి పెద్దది. రెండు వందల యేళ్ళ కిందట బ్రెయిల్ కనిపెట్టిన ఉబ్బెత్తు చుక్క విద్యే ఇది, అచ్చంగా మన కుంకుమ రంగులో!

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చూపు పోయిన వాళ్ళుంటే వాళ్ళకి పళ్ళెంలో పెట్టి తెచ్చివ్వడం మంచి పనే. ఒక పూట అట్లకాడ కూడా చేతికిచ్చి చూడండి. పక్కన నిలబడండి గానీ చెయ్యి పట్టుకోకండి. పెనం ఎక్కడుందో, పిండి ఎక్కడుందో ఒకసారి చెప్పండి. చెప్పాక మాట్లాడకండి, చప్పుడు వినబడదు. మొదటి అట్టు ముద్దయితే పెనాన్ని తిట్టండి. రెండోది మీరే తినండి.